బ్రిడ్జి బొమ్మలో చప్పుడు ఎందుకు లేదు?

పెద్దమ్మ వాళ్లింట్లో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జిల్లాలోనే ఒక చిన్న ఊరు, పేరు ఇక్కడ ముఖ్యం కాదు. రైల్వే గేటు దగ్గర ఇల్లు. రెండేళ్ల కిందట గేటు తీసేసి పైన బ్రిడ్జి కట్టారు. మిద్దె మీద గదిలో పడుకుంటే బ్రిడ్జి రోడ్డు సరిగ్గా మన కిటికీ ఎత్తులో ఉంటుంది. లారీ వచ్చిన ప్రతిసారీ దడ్-దడ్ అని రెండు దెబ్బలు. శ్లాబుకీ శ్లాబుకీ మధ్య వదిలే సందు, అంటే జాయింట్, దాని మీద ముందు టైరు ఎక్కితే ఒక దెబ్బ, వెనక టైరు ఎక్కితే ఇంకో దెబ్బ. పది టైర్ల లారీ అయితే మూడు. గ్రానైట్ బండలు వేసుకుని పోయే ట్రెయిలర్ అయితే లెక్కపెట్టేలోపు అయిపోతుంది. ఒక్కో దెబ్బకి మంచం పక్కన స్టూలు మీదున్న స్టీలు చెంబు మూత సన్నగా మోగేది. ఒంటిగంట దాకా ఆ మూత చప్పుడే వింటూ పడుకున్నాను.

పొద్దున కాఫీ ఇస్తూ పెద్దమ్మ అన్న మాట ఇది: "బ్రిడ్జి వద్దని ఎవరంటారు నాయనా. గేటు పడితే అరగంట నిలబడేవాళ్లం. మీ పెదనాన్నకి గుండెనొప్పి వచ్చిన రోజు ఆటో ఆ గేటు దగ్గరే ఆగిపోయింది. బ్రిడ్జి రావాల్సిందే. చప్పుడు ఇట్లా మిద్దె మీదికి వస్తాదని ఒక్కరు చెప్పుంటే పడకగది వెనకపక్క కట్టుకునుండేవాళ్లం కదా."

వాళ్లు మిద్దె మీద ఆ గది కట్టుకున్నది బ్రిడ్జి పని మొదలైన ఏడాదే. అప్పులు చేసి కట్టుకున్నారు. బ్రిడ్జి ఎలా ఉండబోతుందో తెలియక కాదు, అందరి ఫోన్లలోకీ వీడియో వచ్చింది. "బొమ్మ చూపించినారు, ఎంత బాగుండిందో" అంది పెద్దమ్మ. ఆ బొమ్మలో చప్పుడు లేదు.

ఈ మాట నాకు ఎందుకు అంత గట్టిగా తగిలిందంటే, అలాంటి బొమ్మలు చేయడమే నా బతుకుదెరువు. తిరుపతిలో పదకొండేళ్లుగా ఇదే పని. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, లేఅవుట్లు, అప్పుడప్పుడు రోడ్లు కూడా, కట్టకముందే కంప్యూటర్లో త్రీడీలో కట్టి చూపిస్తాం. మా పనిలో దాన్ని వాక్‌త్రూ అంటారు. పేరులో నడక ఉంది గానీ అందులో ఎవరూ నడవరు, కెమెరా మూడో అంతస్తు ఎత్తులో తేలుతూ పోతుంది. సాయంత్రం ఎండ ఉంటుంది, అది కూడా పచ్చగా, కంటికి ఇబ్బంది లేకుండా. చెట్లు నాటిన పదేళ్లకి ఎంత ఎదుగుతాయో మొదటి రోజే అంత ఉంటాయి. రోడ్డు మీద నాలుగు కార్లు గీత దాటకుండా పోతుంటాయి. ఆటో లేదు, తోపుడుబండి లేదు, ఆవు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. వెనక వేణువు మోగుతుంటుంది. ఆ వేణువు పెట్టేది నాలాంటి వాళ్లమే. పెద్దమ్మ మాట విన్నాక ఆ ట్రాక్ వేయడానికి నా చెయ్యి రావడం లేదు.

కాబట్టి సూటిగా చెప్తాను. ఒక రోడ్డు గానీ బ్రిడ్జి గానీ ఊళ్లోకి వచ్చే ముందు, దాని పక్కన బతకబోయేవాళ్లు దాన్ని చెవులతో వినాలి, తమ ఎత్తు నుంచి చూడాలి, అందులో నడిచి చూడాలి, ఏ వేళ ఎండ ఎటు పడుతుందో తెలుసుకోవాలి. ఇది ఈరోజు చేయగలిగిన పనే. టెండరు పిలవకముందే చేయాలి, డ్రాయింగులో ఇంకా మార్చడానికి వీలున్నప్పుడే. అయ్యాక చూపిస్తే అది ప్రచారం అవుతుంది.

నేను ఫ్లైఓవర్లకి వ్యతిరేకిని కాదు. తిరుపతి 2016లో స్మార్ట్ సిటీల జాబితాలోకి వచ్చింది. గరుడ వారధి పేరుతో మొదలై శ్రీనివాస సేతు అయిన ఫ్లైఓవర్ 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దగ్గర దాకా సుమారు 7 కిలోమీటర్లు. కొండకు పోయే బండ్లు ఊరి మధ్యలోకి దిగకుండానే పోతున్నాయి. బస్టాండు ముందు గంటలకొద్దీ ఇరుక్కుపోయిన రోజులు నాకు బాగా గుర్తు, ఆ ఫ్లైఓవర్ విలువ నాకు తెలుసు. రోజుకు 60, 70 వేల మంది దర్శనానికి వచ్చిపోయే ఊరికి రోడ్లు కావాలి, ఇంకా కావాలి.

కానీ తిరుపతి నడిచే ఊరు కూడా. స్టేషన్లో దిగి నెత్తిన మూటతో, చంకలో బిడ్డతో విష్ణునివాసం వసతి గదులకు నడిచేవాళ్లు, బస్టాండులో దిగి అలాంటిదే అయిన శ్రీనివాసానికి దారి అడిగేవాళ్లు, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో గుండు చేయించుకున్న తలతో ఎండలో తిరిగేవాళ్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో దాదాపు 2,400. మొక్కున్నవాళ్లు చాలామంది చెప్పులు లేకుండానే నడుస్తారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి తారు రోడ్డు మీద వట్టి కాలు పెట్టి చూసినవాడికి తెలుస్తుంది, రోడ్డు అంటే కంటికి కనపడేది మాత్రమే కాదని. తిరుమల మాడ వీధుల్లో ఎండాకాలం తెల్ల పెయింటు వేసి, పట్టలు పరిచి, నీళ్లు చల్లుతారు. పాదానికి ఏం తెలుస్తుందో ఆలోచించి చేసే పని అది. అదే ఆలోచన కొండ కింద రోడ్ల డ్రాయింగుల్లో ఎందుకు ఉండకూడదు? ఏ వాక్‌త్రూలోనూ రోడ్డు కాలదు.

కంటితో పాటు మిగతా ఇంద్రియాలకీ ఊరిని చూపించాలనే ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో మోర్టన్ హైలిగ్ అనే ఆయన 1962లో సెన్సోరామా అనే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అందులో తల పెట్టి కూర్చుంటే త్రీడీ బొమ్మ కనపడుతుంది, రెండు చెవుల్లో రెండు రకాల శబ్దం, కుర్చీ అదురుతుంది, ముఖానికి గాలి కొడుతుంది, వాసన కూడా వస్తుంది. ఆయన చూపించిన వాటిలో ఒకటి న్యూయార్క్ బ్రూక్లిన్ వీధుల్లో మోటారు సైకిల్ మీద పోవడం. నాకు అన్నిటికంటే నచ్చింది అదే: ఈ విద్య పుట్టిన తొలిరోజుల్లోనే ఊరి రోడ్డు మీద నడిచింది.

1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్, కెన్నెత్ క్రెయిక్ అనే ఇద్దరు ఊరి నమూనాలను బల్లల మీద చిన్నగా కట్టి, వాటి వీధుల్లో మనిషి కన్ను ఎత్తులో కెమెరాను నడిపించే ల్యాబు పెట్టారు. పైనుంచి చూసేది వాళ్లకు అక్కర్లేదు, ఫుట్‌పాత్ మీద నిలబడినవాడికి ఏం కనపడుతుందో అది కావాలి. (ఆ ల్యాబులో పనిచేసిన జాన్ డైక్‌స్ట్రా తర్వాత హాలీవుడ్‌కి పోయి, అదే కెమెరా విద్యతో అంతరిక్ష యుద్ధాలు తీశాడు.) తర్వాత పీటర్ బోసెల్‌మన్ ఆ ల్యాబులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎత్తైన కట్టడాలు కడితే పార్కుల్లో, ఫుట్‌పాత్‌ల మీద ఎండ ఎంత పోతుందో లెక్కగట్టి చూపించాడు. అక్కడ చలి ఊరు, వాళ్లకు ఎండ కావాలి. 1984లో పార్కుల్లో ఎండను కాపాడే చట్టానికి అక్కడి జనం ఓటు వేశారు. మనకు కావాల్సింది నీడ. లెక్క అదే.

యాపిల్‌యార్డ్ గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధులు తీసుకున్నాడు. ఒకదాంట్లో రోజుకు 2,000 బండ్లు, రెండోదాంట్లో 8,000, మూడోదాంట్లో దాదాపు 16,000. ఇళ్లకు పోయి అడిగితే, బండ్లు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు, బండ్లు ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు. చప్పుడు పెరిగేకొద్దీ మనుషులు ముందు గది వదిలి వెనక గదిలోకి పోతారు, వాకిట్లో కూర్చోవడం మానేస్తారు, పిల్లల్ని బయటికి వదలరు. మన వీధి అరుగులు ఖాళీ అవడానికి అందరూ టీవీనీ, ఫోన్‌నీ తిడతారు గానీ బండ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వీధుల్లో మనిషి బతుకు గురించి అంత పట్టించుకున్న ఆ మనిషి 1982లో ఏథెన్స్‌లో కారు గుద్ది చనిపోయాడు.

శబ్దం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ముందే వినిపించడం అన్నిటికంటే తేలిక, అయినా ఎవరూ చేయనిది అదే. ఇంగ్లండులో లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు హైస్పీడ్ రైలు మార్గం మీద 2011లో ప్రజాభిప్రాయం తీసుకున్నప్పుడు, అరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ వాళ్ల సౌండ్‌ల్యాబ్‌తో రాబోయే రైలు చప్పుడును ఊరూరా జనానికి వినిపించారు. అక్కడ ఇంకా పట్టా లేదు, రైలూ లేదు. ఇంత దూరం నుంచి ఇంత వినపడుతుంది, అడ్డుగోడ కడితే ఇంత తగ్గుతుంది అని చెవికే చూపించారు. ఆ ప్రాజెక్టు మీద గొడవలు ఆగలేదు, అది వేరే కథ. కానీ గొడవపడేవాళ్లు దేనిమీద గొడవపడుతున్నారో విని గొడవపడ్డారు.

మన దగ్గర రిపోర్టుల్లో చప్పుడును ఒక అంకెగా రాస్తారు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి: ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం అయితే పగలు 50, రాత్రి 40. ఈ అంకె మామూలు మనిషికి ఏం చెప్తుంది? డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. బండ్లు రెట్టింపు అయితే పెరిగేది 3 మాత్రమే. 10 పెరిగితే చెవికి రెట్టింపు అయినట్టు ఉంటుంది. 62 నుంచి 65 అవుతుందని కాగితం మీద చదివితే మూడే కదా అనుకుంటాం. పైగా అది సగటు. పెద్దమ్మ ఇంటి పక్కన రాత్రి సగటు తీస్తే ఏమంత భయపడేలా ఉండకపోవచ్చు, ఎందుకంటే లారీకీ లారీకీ మధ్య ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ నిద్రలోంచి లేపేది సగటు కాదు, ఆ దెబ్బ. ఇంకో సంగతి, బ్రిడ్జికి మరీ దగ్గరగా నేల మీదున్న ఇంటికి పైరోడ్డు చప్పుడు కొంత తక్కువే, శ్లాబు అంచూ పిట్టగోడా అడ్డం పడతాయి. రోడ్డుకి సమానమైన ఎత్తులో, ఇంకా పైన ఉన్న గదులకు ఏ అడ్డూ ఉండదు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే పెద్దమ్మ గది వెనకపక్కకి పోయేది. తెలిసినవాళ్లకు తెలుసు, ఆమెకు చెప్పే దారే లేదు.

ఇంతా తెలుసుకున్నాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. మూడు నెలలు, ఆదివారాలు మొత్తం పెట్టి, మన తిరుపతి రైల్వే స్టేషన్ ముందు రోడ్డులో ఒక 200 మీటర్ల ముక్కను త్రీడీలో కట్టాను. ఎవరూ ప్రతిపాదించని, నా ఊహలోని ఒక మార్పు అందులో పెట్టాను: ఒక పక్క ఫుట్‌పాత్ వెడల్పు చేసి, ఆటోలకు వేరే చోటు చూపించి, మధ్యలో రోడ్డు దాటడానికి ఎత్తుగా, ఫుట్‌పాత్‌తో సమానంగా ఒక దారి. కళ్లకు పెట్టుకుంటే చుట్టూ త్రీడీ బొమ్మ కనపడే హెడ్‌సెట్ ఒక స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చాను. నాలుగు మైకులుండే రికార్డర్ ఇంకొకరి దగ్గర. దాంతో రికార్డు చేస్తే తల ఎటు తిప్పితే శబ్దం అటునుంచి వస్తుంది. పొద్దున ఐదింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి, రాత్రి రైళ్లు దిగే వేళ ఒకసారి రికార్డు చేశాను. ఒక చెక్క పలక కింద హోం థియేటర్ వూఫర్ పెట్టి దానిమీద నిలబెడితే బస్సు వచ్చినప్పుడు అరికాలికి అదురు తెలుస్తుంది. ముందు ఒక టేబుల్ ఫ్యాను. వాసన నా వల్ల కాలేదు. మూలన పోగయ్యే అరటి తొక్కలూ వాడిన పూలూ డీజిలూ కలిసిన ఆ వాసనను ఎవరైనా సీసాలో పట్టగలిగితే అది కూడా పెట్టాలి, ఎందుకంటే ఆ మూల నుంచి నడవాలా వద్దా అని కాళ్లు నిర్ణయించుకునేది ముక్కును బట్టే.

మొదట కూర్చోబెట్టింది మా వీధిలో రిటైరైన బస్సు డ్రైవరు అన్నను. రెండు నిమిషాలకే హెడ్‌సెట్ తీసేశాడు, తల తిరుగుతోందని. కళ్లు కదులుతున్నామని చెప్తుంటే చెవి లోపలి భాగం కదలడం లేదని చెప్తుంది, ఆ రెండూ పొసగక వచ్చే తిప్పట అది. వయసైనవాళ్లను హెడ్‌సెట్‌లోకి తోయకూడదని ఆరోజే అర్థమైంది. తర్వాత నుంచి గోడమీద పెద్దగా వేసి, చుట్టూ నాలుగు స్పీకర్లు పెట్టాను. షికాగోలో 1992లోనే ఇలా గది గోడల మీద చుట్టూ బొమ్మ వేసి, మధ్యలో మనిషి నిలబడే ఏర్పాటు చేశారు. మా గదిలో ఒక్క గోడే, అయినా తిప్పట పోయింది.

రెండో ఆమె, స్టేషన్ దగ్గర పూలమ్మే అక్క. ఇరవై ఏళ్లకు పైగా అదే చోట కూర్చుంటోంది. కాసేపు చూసి, "ఇప్పుడు టైమెంత తమ్ముడూ ఇందులో?" అని అడిగింది. పొద్దున పదిన్నర అని చెప్పాను. "మూడు గంటలకి చూపించు" అంది. సూర్యుణ్ణి జరిపాను. నేను ఎంతో ముచ్చటగా వెడల్పు చేసిన ఫుట్‌పాత్ మొత్తం మండుటెండలో ఉంది. నీడ అంతా నేను ఆటోలకిచ్చిన పక్కన పడింది. "పూలు ఇక్కడ పెడితే గంటలో వాడిపోతాయి, నేను అటుపక్కకే పోతాను, కొనేవాళ్లూ అటే వస్తారు" అంది. అంటే నా డిజైన్ ప్రకారం పూలమ్మే ఆమె, కొనే భక్తులు, ఆటోలు మళ్లీ ఒకే చోటికి చేరతారు. మూడు నెలల పనిలో నాకు కనపడనిది ఆమెకు మూడు నిమిషాల్లో కనపడింది. ఫుట్‌పాత్ అటుపక్కకి మార్చాను.

మూడో మనిషి, మా పక్క వీధిలో ఉండే సారు. చూపు లేదు. స్కూల్లో పాఠాలు చెప్తారు, ఒక్కరే నడిచి బస్సెక్కి పోతారు. ఆయనకు గోడ మీద బొమ్మతో పనిలేదు, హెడ్‌ఫోన్స్ మాత్రమే ఇచ్చి, నేను మెల్లగా ఆయన్ను ఆ రోడ్డు వెంట నడిపించాను. చివరిదాకా విని, "బాగుంది, కానీ మీ రోడ్డుకి గోడలు లేవే" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయనే విడమర్చి చెప్పారు: నడుస్తున్నప్పుడు చేతికర్ర టక్‌మన్నది పక్కనున్న గోడకు తగిలి తిరిగొస్తుంది. సందు మొదలు వచ్చిన చోట ఆ తిరిగొచ్చే శబ్దం ఒక్కసారి ఆగిపోతుంది. అట్లా ఆయన సందులు లెక్కపెట్టుకుంటారు, మూడో సందులో మలుపు తీసుకుంటారు. నేను బండ్ల చప్పుడంతా ఒక చోట నిలబడి రికార్డు చేసి అన్నిచోట్లా అదే వేశాను. అందుకే ఆయనకు అది గోడల్లేని మైదానంలా వినపడింది.

ఆయన ఇంకోటి కూడా చెప్పారు. కొండ మీదికి 2022 నుంచి కరెంటు బస్సులు తిరుగుతున్నాయి, పొగ లేదు, చప్పుడు లేదు, అందరికీ మంచిదే. మెల్లగా వచ్చే కరెంటు బస్సు మాత్రం ఆయనకు పక్కకి వచ్చేదాకా తెలియదు. మనకు హాయిగా ఉన్న నిశ్శబ్దం ఆయనకు టెన్షన్. రేపటి రోడ్డు ఈరోజు చప్పుడుతో ఉండదు కాబట్టి రేపటి చప్పుడును కూడా కట్టి వినిపించాలి.

సరిగ్గా ఈ విషయాల మీదే లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్నారు. నిక్ టైలర్ నడిపిన పామెలా అనే ల్యాబులో నిజమైన ఫుట్‌పాత్ పలకలు పరిచి, వాటి ఎత్తు, వాలు మార్చి, దీపాలు, శబ్దాలు మార్చి, నిజమైన మనుషుల్ని నడిపించి చూసేవారు. చూపు లేనివాళ్లకు ఫుట్‌పాత్ అంచు ఎంత ఎత్తుంటే కర్రకూ కాలికీ నమ్మకంగా తెలుస్తుందని పరీక్షిస్తే 60 మిల్లీమీటర్లకు తగ్గకూడదని తేలింది. అందం కోసం రోడ్డునూ ఫుట్‌పాత్‌నూ ఒకే మట్టంలో కలిపేస్తే వాళ్లు తెలియకుండానే రోడ్డు మీదికి వచ్చేస్తారు. అంటే నేను అంత ఇష్టంగా గీసిన, ఫుట్‌పాత్‌తో సమానమైన దారి కూడా అంచు తెలిసే పలకలు లేకపోతే సారుకి ప్రమాదమే. అలాంటి బుడిపెల పలకలు జపాన్‌లో ఒకాయామాలో 1967లో మొదటిసారి వేశారు. మన ఊళ్లలోనూ పసుపు రంగువి వేస్తున్నారు. కరెంటు స్తంభం దాకా తీసుకుపోయి అక్కడ ఆపేస్తున్నారు.

ఇక జనం విషయం. 2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. దాని గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా వదిలేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. జనం ఎలా కదులుతారో లెక్కగట్టే నమూనాలు 1995లో హెల్బింగ్, మోల్నార్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన పని దగ్గర్నుంచి బాగా ఎదిగాయి. చదరపు మీటరులో ఆరేడుగురు చేరితే మనిషి తన కాళ్ల మీద తాను నిలబడడు, జనం తోసిన చోటికి పోతాడు. వెనకున్నవాడికి ముందు ఏం జరుగుతుందో కనపడదు, వినపడదు, కదలిక వచ్చిందంటే గేటు తెరిచారనుకుని ముందుకే తోస్తాడు. గేటు ఎంత వెడల్పు, లైను ఎటు మలుపు అన్నంతవరకు కాగితం చెప్తుంది. మైకులో చెప్పిన మాట ఆ గోలలో నలభయ్యో వరసలో ఉన్న తమిళ అవ్వకు వినపడుతుందా, వినపడినా అర్థమవుతుందా, ఎటు చూస్తే బయటికి దారి కనపడుతుంది అన్నది తెలియాలంటే ఆమె నిలబడే చోట, ఆమె ఎత్తులో, ఆ గోలతో సహా ముందే కట్టి చూసుకోవాలి. డ్యూటీలో నిలబడే సిబ్బందిని అందులో నిలబెట్టాలి. ఏటా వచ్చే వైకుంఠ ఏకాదశికీ గరుడసేవకీ గంగమ్మ జాతరకీ తేదీలు ముందే తెలుసు. సిద్ధం కావడానికి సమయం ఉంది.

దీనికి ఎదురు వాదనలు నేను విన్నాను. మొదటిది ఖర్చు. కోట్లలో కట్టే బ్రిడ్జికి ఎలాగూ సర్వే చేస్తారు, డిజైన్ చేస్తారు, వాక్‌త్రూ కూడా చేస్తారు. త్రీడీ నమూనా అప్పటికే ఉంటుంది, దానికి శబ్దం, ఎండ, నడిచే ఎత్తు కలపడమే మిగిలిన పని. నేను అప్పు తెచ్చిన సామానుతో ఒక గదిలో చేశాను, ఆమాత్రం పని మన యూనివర్సిటీ ఇంజినీరింగ్ పిల్లలు, ఏర్పేడు ఐఐటీ పిల్లలు ఇంకా బాగా చేయగలరు. రెండోది, మన ట్రాఫిక్‌ను కంప్యూటర్లో కట్టలేం అని. ఇందులో నిజం ఉంది. ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్లు జర్మనీలాంటి చోట పుట్టాయి, అక్కడ బండి తన గీతలో తాను పోతుంది. మన దగ్గర రెండు బస్సుల మధ్య సందులోంచి స్కూటరు దూరుతుంది, ఆటో ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది. అందుకే మన రోడ్లకు మన కొలతలు కావాలని 2017లో మన దేశానికే వేరుగా రోడ్ల సామర్థ్యం లెక్కల పుస్తకం తెచ్చారు. వాటితోనే కట్టాలి.

మూడో వాదనే నన్ను నిజంగా ఆలోచింపజేసింది. బొమ్మతో మోసం చేయగలిగినవాళ్లు చప్పుడుతో ఇంకా బాగా మోసం చేయలేరా అని. చేయగలరు. ఒక్క మీటను కొంచెం కిందికి లాగితే బ్రిడ్జి మెత్తగా అయిపోతుంది, వినేవాడికి తెలియదు. చెవిని నమ్మించడం కంటిని నమ్మించడం కంటే తేలిక, ఈ పని చేసేవాడిగా చెప్తున్నాను. అందుకే శబ్దం ఎక్కడ, ఏ రోజు, ఏ వేళ రికార్డు చేశారో బయట పెట్టాలి. పక్క ఊళ్లో ఇప్పటికే ఉన్న అలాంటి బ్రిడ్జి దగ్గర అదే దూరంలో రికార్డు చేసింది దాని పక్కనే వినిపించాలి, జాయింట్ దెబ్బలతో సహా. కావాలన్నవాడు తన ఇంటి కిటికీ దగ్గర నిలబడి వినగలగాలి. చెట్లు నాటిన ఏడాదికి ఎంతుంటాయో అంతే పెట్టాలి. సంగీతం ఉండకూడదు.

అది కూడా ఏదో ఆఫీసు మూడో అంతస్తులో ఏసీ హాల్లో పెట్టి పేపర్లో చిన్న ప్రకటన ఇస్తే ఎవరూ రారు. బస్టాండులో ఒక మూల, గుడి దగ్గర ఒక మంటపం పక్కన, ఏ వీధిలో పని జరగబోతోందో ఆ వీధి స్కూల్లో నెలరోజులు పెట్టాలి. అడిగినవి రాసుకోవాలి, వాటిలో ఏది మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో అదే చోట గోడ మీద అంటించాలి. రోడ్డు వద్దనేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. కానీ నేను చూసినంతవరకు ఎక్కువమంది పెద్దమ్మలాంటి వాళ్లే, రోడ్డు కావాలి, దాంతో పాటు ఏం వస్తుందో ముందే తెలిస్తే తమ ఏర్పాట్లు తాము చేసుకుంటారు. పడకగది ఎటు కట్టాలో, కొట్టు ఎటు తిప్పాలో, పూలగంప ఎక్కడ దించాలో వాళ్లకు తెలుసు.

నా 200 మీటర్ల రోడ్డు ఇంకా అవలేదు. గోడలు కట్టాలి, అంటే శబ్దం తగిలి తిరిగొచ్చే గోడలు. వచ్చే ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి, మెయిలు రైళ్ల జనం దిగిపోయి ఆటోలు చెదిరిపోయి రోడ్డు కాసేపు ఖాళీ అయ్యే వేళ, రికార్డర్ తీసుకుని స్టేషన్ ముందుకి పోతున్నాను. సారు కూడా వస్తానన్నారు. ఒక్కో సందు మొదట్లో ఆగి ఆయన కర్రతో మూడుసార్లు తడతారు, నేను పక్కన మైకు పట్టుకుని నిలబడాలి. చెప్పులు చప్పుడు చేస్తాయి, వేసుకోకుండా రమ్మన్నారు.